నూరు వరకు అప్పజెబుతుంది, ఐదు చెంచాలు ఇమ్మంటే ఇవ్వలేకపోతోంది

ప్రశ్న (ఒక తల్లి)

నమస్కారం. మా అమ్మాయికి వచ్చే నెలలో నాలుగేళ్లు నిండుతాయి. ఒకటి నుంచి నూరు వరకు తడబడకుండా చెబుతుంది కాబట్టి లెక్కల విషయంలో తనకు ఇబ్బంది ఉండదని ఇన్నాళ్లూ నమ్మాను. పోయిన వారం అందరికీ పళ్లేలు సర్దుతూ "ఐదు చెంచాలు తీసుకురా తల్లీ" అంటే పిడికిట్లో పట్టినన్ని తెచ్చింది. లెక్కపెట్టమంటే ఒక్కొక్క చెంచానూ వేలితో తాకుతూ ఏడు వరకు సరిగ్గానే లెక్కపెట్టింది. "అయితే ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే మాత్రం "ఏడు" అనకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మూడోసారి అడిగేసరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

రోజూ అరగంట సేపు పక్కన కూర్చోబెట్టుకుని అంకెలు రాయిస్తున్నాను. 3, 7 తరచుగా తిరగేసి రాస్తోంది. వేళ్ల మీద లెక్కపెట్టడం అలవాటైతే పెద్దయ్యాక కూడా పోదని, ఇప్పుడే మాన్పించాలని మా అత్తగారు అంటున్నారు. నేను చేస్తున్నదానిలో ఏది మానాలి, ఏది కొత్తగా మొదలుపెట్టాలి అన్నది అనుభవం ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

మొదటి సమాధానం (పూర్వ ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలు)

అమ్మా, మీరు వర్ణించినది లోపం కాదు. నూరు వరకు చెప్పడమూ ఐదు వస్తువులు ఏరి ఇవ్వడమూ రెండు వేర్వేరు శక్తులు, వాటి మధ్య నెలల తరబడి, కొందరిలో ఏడాదికి పైగా ఎడం ఉంటుంది. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఈ దశను తప్పించుకుని ముందుకు వెళ్లిన వారిని నేను చూడలేదు.

మనకు లెక్కపెట్టడం ఒకే పనిగా కనబడుతుంది. రాచెల్ గెల్‌మన్, చార్లెస్ గాలిస్టెల్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు 1978లో అందులో ఇమిడి ఉన్న సూత్రాలను విడదీసి చూపించారు. సంఖ్యల పేర్లు ఎప్పుడూ ఒకే వరుసలో రావాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరే దక్కాలి, ఏదీ మిగలకూడదు, ఏదీ రెండుసార్లు రాకూడదు. చివరగా పలికిన పేరే మొత్తం గుంపు పరిమాణం. లెక్కపెట్టే వస్తువులు ఏవైనా, ఎటువైపు నుంచి మొదలుపెట్టినా ఫలితం మారదు. మీ అమ్మాయికి వీటిలో మొదటి రెండూ వచ్చాయి. "చివరి మాటే మొత్తం" అన్న మూడోది ఇంకా రాలేదు. ప్రస్తుతం ఆమె దృష్టిలో "ఏడు" అన్నది ఆఖరున తాకిన చెంచా పేరు మాత్రమే, ఆదివారం నుంచి మొదలుపెట్టి శనివారం దగ్గర ఆగినట్టు. "ఎన్ని ఉన్నాయి?" అన్న ప్రశ్న ఆమెకు "లెక్కపెట్టు" అన్న ఆజ్ఞగా వినిపిస్తోంది కాబట్టి మీరు అడిగినప్పుడల్లా నిజాయితీగా మళ్లీ లెక్కపెట్టింది. తాను చేసింది తప్పేమిటో తెలియకనే ఏడ్చింది.

కారెన్ విన్ 1990లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని చక్కగా చూపిస్తుంది. పిల్లలను "ఒకటి ఇవ్వు, రెండు ఇవ్వు, మూడు ఇవ్వు" అని అడుగుతూ పోతే, కొందరు ఒకటి మాత్రం సరిగ్గా ఇచ్చి మిగతా అన్నింటికీ గుప్పెడు ఇస్తారు. కొన్ని నెలల తరువాత రెండు తెలుస్తుంది, మరికొన్ని నెలలకు మూడు తెలుస్తుంది. మూడో నాలుగో దాటాక మాత్రం ఒక్కొక్క సంఖ్యనూ విడిగా నేర్చుకోవలసిన అవసరం తీరిపోతుంది. లెక్కపెట్టడం ఎందుకో పిల్లలకు అర్థమవుతుంది, వారికి పేరు తెలిసిన ప్రతి సంఖ్యకూ ఆ జ్ఞానం వర్తిస్తుంది. నూరు వరకు పేర్లు వచ్చిన మీ అమ్మాయికి ఆ రోజు వచ్చినప్పుడు పెద్ద అంగ పడుతుంది.

కాబట్టి ముందుగా ఆమె ఎక్కడ ఉందో కనుక్కోండి. ఒక బొమ్మను కూర్చోబెట్టి, "బొమ్మకు రెండు గుండీలు ఇవ్వు" అని ఆటలాగా అడగండి. రెండు సరిగ్గా ఇస్తే మూడు, మూడు ఇస్తే నాలుగు. ఎక్కడ గుప్పెడు వస్తుందో ఆ సంఖ్య దగ్గరే మీ పని ఉంది, యాభై దగ్గరో నూరు దగ్గరో కాదు. పరీక్ష పెట్టినట్టు రోజూ అడగకండి. వారానికి ఒకసారి చాలు.

ఆ తరువాత అడగడం తగ్గించి చెప్పడం పెంచండి. మూడు గుండీలు ఆమె ముందు పెట్టి, "ఇక్కడ మూడు గుండీలు ఉన్నాయి" అని ముందు మొత్తం చెప్పండి. వెంటనే ఒక్కొక్కదాన్నీ జరుపుతూ "ఒకటి, రెండు, మూడు" అనండి. చివర చేతితో మూడింటి చుట్టూ ఒక వలయం చుట్టి "మూడు గుండీలు" అనండి. ఆ చుట్టడం చిన్న పనిలా కనబడుతుంది కానీ, చివరి మాట ఆఖరి గుండీది కాదు, గుంపు మొత్తానిది అని కంటికి చూపించేది అదే.

ఇంట్లో వినిపించే సంఖ్యా పదాలకు ఎంత విలువ ఉందో సూసన్ లెవీన్ బృందం 2010లో చూపింది. వారు 44 కుటుంబాలను, పిల్లలకు 14 నెలలు ఉన్నప్పటి నుంచి 30 నెలలు వచ్చే వరకు, ఐదేసి సార్లు ఇంటికి వెళ్లి గమనించారు. ఒక్కో ఇంట్లో మొత్తం ఏడున్నర గంటల గమనింపులో అతి తక్కువగా పలికిన తల్లిదండ్రులు సంఖ్యా పదాలు నాలుగే పలికితే, అందరికన్నా ఎక్కువగా పలికినవారు 257 పలికారు. ఎక్కువగా విన్న పిల్లలు 46 నెలల వయసులో "వీటిలో నాలుగు ఉన్న చిత్రం ఏది?" వంటి ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారు. మరుసటి ఏడాది ఇదే సమాచారాన్ని ఇంకా లోతుగా పరిశీలించినప్పుడు, కళ్లెదుట ఉన్న వస్తువుల గురించి, అందులోనూ నాలుగు నుంచి పది వరకు ఉన్న గుంపుల గురించి మాట్లాడటం ఎక్కువ ఉపయోగపడినట్టు తేలింది. మెట్లు ఎక్కుతూ అంకెలు పాడటం మంచిదే, అయితే ఎదురుగా ఉన్న ఆరు గుండీల గురించి మాట్లాడటం అంతకన్నా మంచిది.

రాత గురించి ఒక్క మాట. 3, 7 తిరగేసి రాయడం ఆరేడేళ్ల వరకు సర్వసాధారణం. కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయే అని అంతవరకు నేర్చుకున్న పిల్లకు, అంకెను తిప్పితే తప్పు అన్నది కొత్త నియమం. రోజూ అరగంట రాయించడం ఈ వయసుకు చాలా ఎక్కువ. కొన్నాళ్లు పూర్తిగా ఆపి, కావాలంటే ఇసుకలోనో గరుకు కాగితంతో కత్తిరించిన అంకె మీదనో వేలు నడిపించండి. మాంటిస్సోరి పద్ధతిలో గరుకు అంకెలు ఉన్నది ఇందుకే. చెయ్యి ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది, పెన్సిలు పట్టే శ్రమ ఉండదు.

రెండో సమాధానం (ఇద్దరు పిల్లల తండ్రి)

పై సమాధానంతో చాలా వరకు ఏకీభవిస్తాను. అయితే ఇది చదివిన తల్లిదండ్రులు కంఠస్థం చేయించడం వృథా అని అనుకునే ప్రమాదం ఉంది కనుక ఒక మాట చేర్చాలనిపించింది. సంఖ్యల వరుస తడుముకోకుండా వచ్చిన పిల్లకు, లెక్కపెట్టేటప్పుడు "తరువాత ఏమిటి?" అని ఆలోచించే భారం ఉండదు. ధ్యాసంతా వస్తువుల మీద పెట్టగలుగుతుంది. మీ అమ్మాయి నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. దానికి ఇప్పుడు పని కల్పించాలి.

మా పెద్దవాడి విషయంలో నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఐదేళ్లకే కూడికల పుస్తకాలు కొని, సాయంత్రం పని ముగించుకుని అలసటతో వచ్చి, వాడి పక్కన కూర్చునేవాడిని. వాడు తప్పు చేస్తే నా గొంతు పెరిగేది. నాకు చిన్నప్పటి నుంచి లెక్కలంటే ఉన్న భయం వాడికి నా ముఖంలో కనబడేది. లెక్కలంటే ఆందోళన ఉన్న తల్లిదండ్రులు ఇంటిపనిలో తరచుగా సాయం చేసినప్పుడు, ఆ పిల్లలు ఏడాదిలో తక్కువ నేర్చుకుని, వారిలోనూ ఆందోళన పెరిగినట్టు 2015లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో చదివినప్పుడు మా ఇల్లే కళ్ల ముందు మెదిలింది. అప్పుడే పుస్తకాలు పక్కన పెట్టి ఆటలోకి దిగాను.

ఆట చాలా సులువుగా తయారవుతుంది. అట్టముక్క మీద ఒకే అడ్డువరుసలో పది గళ్లు గీసి, ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10 వరకు రాయండి. పాచిక ముఖాల మీద ఒక చుక్క, రెండు చుక్కలు మాత్రమే వచ్చేలా కాగితం అంటించండి. చెరొక గుండీ పెట్టుకుని ఆడండి. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో నాలుగైదేళ్ల పిల్లలు ఇలాంటి ఆటను రెండు వారాల్లో నాలుగు విడతలుగా, విడతకు దాదాపు పావుగంట చొప్పున ఆడారు. అంత కొద్ది సమయంలోనే సంఖ్యల గుర్తింపులో, రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పడంలో మెరుగుదల కనిపించింది. అంకెలకు బదులు రంగులు ఉన్న గళ్ల మీద అదే ఆట ఆడిన పిల్లల్లో ఆ మెరుగుదల రాలేదు. గుండీ ఎంత దూరం పోతే సంఖ్య అంత పెద్దది, అంత ఎక్కువసేపు కదిలించాలి, అన్ని ఎక్కువ పేర్లు పలకాలి. పరిమాణం అన్నది చేతికీ కంటికీ చెవికీ ఒకేసారి తెలుస్తుంది.

ఇందులో ఒక్క నియమాన్ని మాత్రం సడలించవద్దు. గుండీ 4 మీద ఉండి పాచికలో రెండు పడితే, పిల్లలు సహజంగా "ఒకటి, రెండు" అని జరుపుతారు. అలా కాకుండా గడిలో ఉన్న అంకెనే పలుకుతూ "ఐదు, ఆరు" అని జరపాలి. అప్పుడే మొదటికి పోకుండా ఉన్న చోటి నుంచి ముందుకు లెక్కపెట్టడం అలవాటవుతుంది. మా చిన్నమ్మాయికి కూడిక నేను విడిగా నేర్పలేదు, ఈ ఆటలోంచే వచ్చింది.

మూడో సమాధానం (భాషా బోధన చేసేవారు)

లెక్కల్లో నాకు ప్రత్యేక ప్రవేశం లేదు కానీ, తెలుగు మాట్లాడే ఇంట్లో పిల్లకు సంఖ్య ఎలా వినబడుతుందన్న విషయం ఇక్కడ ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

మన భాషలో వస్తువులకు ఒక లెక్క, మనుషులకు మరొక లెక్క ఉంది. బొమ్మలు రెండు, అక్కలు ఇద్దరు. గుండీలు మూడు, పిల్లలు ముగ్గురు. ప్రశ్నలు కూడా వేరు: గుండీలు ఎన్ని, మనుషులు ఎంతమంది, నీళ్లు ఎంత. "ముగ్గురు" అన్న మాట "ఒకటి, రెండు, మూడు" వరుసలో ఎక్కడా రాదు కాబట్టి, మూడూ ముగ్గురూ ఒకే పరిమాణమని పిల్లకు ఎవరూ చెప్పకుండా తెలియదు. దీన్ని అడ్డంకిగా చూడకుండా అవకాశంగా మలుచుకోవచ్చు. పళ్లేలు సర్దేటప్పుడు "మనం ముగ్గురం కదా, మరి మూడు పళ్లేలు కావాలి, నీకొకటి, నాకొకటి, నాన్నకొకటి" అని రోజూ అంటూ ఉంటే, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి జతపడి ఏమీ మిగలకపోవడం ఆమె కళ్లారా చూస్తుంది. వస్తువు మారినా, మాట మారినా, సంఖ్య మారదన్న ఊహ ఇలాగే స్థిరపడుతుంది. ఐదు చెంచాలు తెమ్మని చెప్పడం కన్నా, అందరికీ సరిపోయేలా చెంచాలు తెమ్మని చెప్పి చూడండి. ఎక్కువైతే ఒకటి మిగిలిపోతుంది, తక్కువైతే ఎవరికో అందదు. తప్పును మీరు ఎత్తిచూపనక్కర లేదు.

పది దాటాక వచ్చే పేర్ల విషయం మరొకటి. "పదమూడు" అన్న మాటలో ముందు పది, తరువాత మూడు వినిపిస్తాయి, 13 అని రాసే క్రమమూ అదే. ఇంగ్లీషులో "థర్టీన్" అన్నప్పుడు మూడు ముందు వస్తుంది, అందుకే ఆ భాషలో నేర్చుకునే పిల్లలు కొందరు 31 అని రాస్తారు. అయితే మనకూ "పదకొండు", "పన్నెండు" అంత తేటగా విడిపోవు, "ఇరవై"లో రెండు అసలు వినబడదు. చైనీస్ భాషలో 11ను "పది ఒకటి" అనీ, 21ని "రెండు పది ఒకటి" అనీ చెబుతారు. కెవిన్ మిల్లర్ బృందం 1995లో అమెరికా, చైనా పిల్లలను పోల్చినప్పుడు పది వరకు లెక్కించడంలో ఇద్దరికీ పెద్ద తేడా కనబడలేదు, పది దాటిన తరువాతే అమెరికా పిల్లలు వెనకబడ్డారు. అందుచేత పదకొండు చెప్పినప్పుడల్లా పక్కనే "పదీ ఒకటీ" అని కూడా చెబుతూ, పది పుల్లల కట్ట ఒకటి, విడి పుల్ల ఒకటి చూపించండి. స్థాన విలువ అనే మాట తెలియకుండానే దాని అర్థం పిల్లకు చేరుతుంది.

ఇంకొక సూచన. ఇంట్లో ఒకరు తెలుగులో, మరొకరు ఇంగ్లీషులో సంఖ్యలు చెప్పడంలో తప్పు లేదు. ఒకే లెక్క మధ్యలో మాత్రం భాష మార్చకండి. "ఒకటి, రెండు, త్రీ" అన్నప్పుడు వరుస స్థిరంగా ఉండాలన్న మొదటి సూత్రమే దెబ్బతింటుంది.

ప్రశ్న అడిగిన తల్లి (నాలుగు వారాల తరువాత)

మీ అందరికీ నమస్కారాలు. చెప్పినట్టే బొమ్మ ఆట పెట్టి చూశాను. రెండు వరకు సరిగ్గా ఇచ్చింది, మూడు అడిగితే గుప్పెడు ఇచ్చింది. నూరు వరకు చెప్పే పిల్లకు మూడు తెలియదని గ్రహించినప్పుడు మొదట బాధ కలిగింది, తరువాత ఏం చేయాలో తెలిసినందుకు నెమ్మది కలిగింది. రాత పూర్తిగా ఆపేశాను. నెలంతా మా ఇంట్లో మూడు, నాలుగు తప్ప మరో సంఖ్య వినబడలేదంటే అతిశయోక్తి కాదు. నిన్న సాయంత్రం నేనేమీ అడగకుండానే మేజోళ్లు జతపరుస్తూ, "అమ్మా, నాలుగు ఉన్నాయి, ఇటు రెండు, అటు రెండు" అంది. ఆ మాట విని నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

రెండు సందేహాలు మిగిలాయి. వేళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. అలాగే సున్నా ఎప్పుడు పరిచయం చేయాలి?

మొదటి సమాధానం రాసిన ఉపాధ్యాయురాలు

"ఇటు రెండు, అటు రెండు" అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి. నాలుగును లెక్కపెట్టకుండా, రెండు భాగాలుగా చూసింది. కూడికా తీసివేతా రెండూ ఆ చూపులోనే ఉన్నాయి. ఇప్పుడు నాలుగు గుండీలు ఇచ్చి, కొన్ని మీ గుప్పిట్లో దాచి, "బయట మూడు ఉన్నాయి, లోపల ఎన్ని?" అని ఆడండి. సంఖ్య నాలుగు దాటనివ్వకండి. అది బాగా కుదిరాకే ఐదుకు వెళ్లండి. మనిషి కన్ను లెక్కపెట్టకుండా ఒక్క చూపులో పోల్చుకోగలిగేది మూడు, నాలుగు వస్తువుల వరకే. ఐదు నుంచి ఇలా భాగాలుగా చూడటం వచ్చి తీరాలి.

ఇక వేళ్లు. మీ అత్తగారి భయం చాలామంది పెద్దలకు ఉన్నదే, ఆవిడ మీ అమ్మాయి మేలు కోరే అంటున్నారు. కానీ ఈ వయసులో వేళ్లను మాన్పించడం నేను సమ్మతించను. వేళ్లు ఎప్పుడూ వెంట ఉండే వస్తువులు, ఒక్కో చేతికి ఐదు చొప్పున ముందే కట్టగట్టి ఉన్నవి, పదికి ఇంతకన్నా మంచి నమూనా మరొకటి లేదు. చేతనైన వ్యూహం దొరికిన రోజున పిల్లలు వాటిని తమంతట తామే వదిలేస్తారు. గమనించవలసింది వేళ్లు వాడుతోందా అన్నది కాదు, ఎలా వాడుతోందన్నది. ఐదు చూపించమంటే ఒక్కొక్క వేలూ మడిచి లెక్కపెట్టకుండా అరచేయి ఒక్కసారిగా తెరిచి చూపడం ఒక ముందడుగు. ఏడు అంటే ఒక పూర్తి చేయీ మరో రెండు వేళ్లూ అని చూపడం దాని తరువాతి అడుగు. రెండో తరగతి దాటాక కూడా చిన్న కూడికలకు ప్రతిసారీ మొదటి వేలు నుంచే మొదలుపెడుతూ, సాధన చేసినా మార్పు రాకపోతే, అప్పుడు నిపుణులను సంప్రదించడం మంచిది. నాలుగేళ్ల పిల్లకు ఆ ఆలోచనే అక్కరలేదు.

సున్నాను లెక్కపెట్టి చూపలేము, అందుకే పిల్లలకు అది మిగతా అంకెల కన్నా ఆలస్యంగా అందుతుంది. గుర్తుగా రాయించే ముందు "ఏమీ లేవు" అన్న మాటగా పరిచయం చేయండి. గిన్నెలో మూడు గుండీలు వేసి, ఒక్కొక్కటే తీస్తూ "రెండు ఉన్నాయి, ఒకటి ఉంది, ఇప్పుడు ఒక్కటీ లేదు, సున్నా" అనండి. మీ అమ్మాయికి బొమ్మకు ఇవ్వడం ఇష్టం కదా, నాలుగైదు వారాలు పోయాక ఒకసారి "బొమ్మకు సున్నా గుండీలు ఇవ్వు" అని అడిగి చూడండి. చెయ్యి ముందుకు చాపి, ఏమీ పెట్టకుండా మీ ముఖంలోకి చూసిందంటే ఆమెకు అర్థమైనట్టే.